వాలుగ చేప దవడ

శ్రీకాకుళంలో మా ఖద్దరు దుకాణం ప్రచారం చూసేది నేనే. కరపత్రాలు వేశాం, ఫేస్‌బుక్‌లో పెట్టాం. అన్నిచోట్లా మేం చెప్పడమే, జనం వినడమే. వికీపీడియాలో సొంత సరుకు గురించి రాసుకోవడం పద్ధతి కాదు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి నిబంధన కూడా ఉంది. అందుకే వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌తోనే మాదే ఒక వికీ, అంటే చదివేవాళ్లు కూడా రాసి దిద్దగలిగే సైటు, తెరిచాం. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

పొందూరు ఖద్దరు పేజీలో 'పత్తిని చేప ఎముకతో దువ్వుతారు' అని రాశాను. నూలు వడికే ఒక పెద్దామెకు మనవడు అది చదివి వినిపించాడట. మర్నాడే ఫోన్. "ఏటమ్మా, ఎముకని రాసేసినావు? అది వాలుగ చేప దవడ. సన్నటి పళ్లుంటాయి, వాటితోనే కదా పత్తి శుభ్రమయ్యేది!" మీరే దిద్దండి అన్నాను. మనవడి చేత దిద్దించింది, అరచేతిలో దవడ పెట్టుకుని ఫోటో కూడా ఎక్కించింది.

ఆ పేజీలో పాత మార్పులన్నీ చూపే 'చరిత్ర' నొక్కితే నా తప్పు ఇప్పటికీ కనబడుతుంది. పరువు పోతుందని మా యజమాని టెన్షన్ పడ్డారు. దాచొద్దని పట్టుబట్టాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తేనే కదా జనం నమ్మేది!

చర్చా పేజీలో మొన్న ఒకావిడ గంజి ఎంత చిక్కగా పెట్టాలని అడిగారు. నేను చూసేలోపే ముగ్గురు కొనుగోలుదారులు జవాబు రాశారు. ఇప్పుడు గంజికి ఒక పేజీ తయారవుతోంది.