మోకాళ్లు వంగని అమ్మతో అండమాన్: నా అనుభవం

మా అమ్మది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఇంటి నల్లాకు కృష్ణా నీళ్లు వచ్చేసరికే మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి. చదునైన నేల మీద నిదానంగా నడుస్తుంది. మెట్లంటే కష్టం, కింద కూర్చుంటే లేవలేదు. నల్గొండలో మా ఇంట్లో టీవీలో అండమాన్ చూసి "ఒక్కసారి ఆ సముద్రం నడుమ ఊరు జూడాలె బిడ్డా" అంది. ఇట్లాంటి పెద్దవాళ్లను అక్కడికి తీసుకెళ్లాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంటును అడిగాను. ఆయన ఇచ్చిన ప్లాన్‌లో రోజుకు మూడు నాలుగు చోట్లు, చివరి రోజు పొద్దున హ్యావ్‌లాక్ ద్వీపం నుంచి ఫెర్రీ, మధ్యాహ్నానికే తిరుగు విమానం. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీలు ఆపేస్తారు. అప్పుడు విమానం తప్పిపోతుంది, అమ్మను పట్టుకుని ఎక్కడ ఉండాలి? ఆ ప్లాన్ వద్దనుకుని అన్నీ నేనే బుక్ చేశాను. మొదట ద్వీపాల మధ్య ఫెర్రీ టికెట్లు, ఆ తేదీలను బట్టి విమానం, ఆ తర్వాతే గదులు. సీజన్‌లో ఫెర్రీ సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ఈ వరస ముఖ్యం. తిరుగు విమానానికి ముందు ఒక రాత్రి విమానాశ్రయం ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేట్టు పెట్టుకున్నాను. గదులన్నీ కింది అంతస్తులోనే అడిగాను. విమానం టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ కావాలని రాస్తే శంషాబాద్‌లో గేటు దాకా వాళ్లే తీసుకెళ్లారు, దానికి డబ్బులేమీ తీసుకోలేదు. మామూలు టూరిస్టు చోట్లకు మన దేశస్తులకు పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ చాలు. టికెట్‌లో పేరు మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి.

పేర్ల విషయం కూడా చెప్పాలి. హ్యావ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్ ద్వీపాన్ని షహీద్ ద్వీప్ అని మార్చారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. డ్రైవర్లు పాత పేర్లే అంటారు, కాగితాల మీద కొత్తవి కనిపిస్తాయి. రెండూ గుర్తుంటే జెట్టీ దగ్గర టెన్షన్ ఉండదు.

మేం వెళ్లింది ఫిబ్రవరిలో. నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చిన సంగతి పొద్దు. అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే నల్గొండ కన్నా దాదాపు గంట ముందే చీకటి పడుతుంది. ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోతాడు. "భోజనం చేసి, కాసేపు పడుకుని, నాలుగింటికి బయలుదేరుదాం" అనే మన పద్ధతి అక్కడ కుదరదు. హ్యావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కు రెండున్నరకే బయలుదేరాం.

పోర్ట్ బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలు మాత్రం దిగిన రోజే చూశాం. బ్రిటిష్ వాళ్లు 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ ఏడు వరసలు. ఒక వరస గదుల ముఖం ఇంకో వరస వీపు వైపు ఉండేట్టు కట్టారు, ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. సావర్కర్ గది పైఅంతస్తులో ఉంది. అమ్మ కింది గదులు, ఉరికొయ్య, గానుగ చూసింది. ఎద్దుకు బదులు మనిషిని గానుగకు కట్టారని చెబితే చాలాసేపు అక్కడే నిలబడి చూసింది. నాకైతే మన హైదరాబాద్ మౌల్వీ అల్లావుద్దీన్ గుర్తొచ్చాడు. 1857 జులై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి ముందు నడిచినవాడు. ఆయన్ను అండమాన్‌కు పంపారు, అక్కడే కన్నుమూశాడు. ఆయన కాలానికి ఈ జైలు ఇంకా కట్టనే లేదు. మన పిల్లలకు ఆయన పేరు తెలియాలని నాకు గట్టిగా ఉంది, అందుకే ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మా అబ్బాయికి ఆ కథంతా చెప్పాను.

ఇక ఇసుక సంగతి. ఎండిన ఇసుకలో కాలు దిగబడుతుంది, మోకాలు మెలి పడుతుంది. నీళ్లు అప్పుడే వెనక్కి పోయిన తడి ఇసుక నేల లాగే గట్టిగా ఉంటుంది. ఆటుపోట్ల వేళలు నెట్‌లో దొరుకుతాయి, రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. ఆ వేళ చూసుకుని వెళ్తే రాధానగర్‌లో అమ్మ నా చెయ్యి పట్టుకుని అలల అంచున చాలా దూరం నడిచింది. చీర కుచ్చిళ్లు తడిసినా పట్టించుకోలేదు.

నీల్‌లో ఆటుపోట్లతో ఇంకా పని ఉంది. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ వంతెన చూడాలంటే నీళ్లు తగ్గి ఉండాలి. భరత్‌పూర్‌లో అడుగున అద్దం ఉన్న బోటు బాగా తిరగాలంటే నీళ్లు నిండుగా ఉండాలి. రెండూ ఒకే రోజు వేరువేరు వేళల్లో పెట్టుకోవచ్చు. వంతెన దగ్గర రాళ్లు జారుడుగా, గరుకుగా ఉంటాయి. అక్కడ అమ్మను దించలేదు, ఆమె పైన కొబ్బరి నీళ్లు తాగుతూ కూర్చుంది, నేనూ నా భార్యా వంతులవారీగా వెళ్లి వచ్చాం. బోటుకు మాత్రం మోకాలి లోతు నీళ్లలో నడిచి ఎక్కాలి. మేం ఎట్లా అని చూస్తుంటే బోటు అబ్బాయి తెలుగులోనే "అమ్మమ్మా, ఆగండి" అని ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నీళ్లలో వేశాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఆ ద్వీపాల్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, భాష కోసం భయపడక్కర్లేదు. అద్దం కింద పగడాలు, చారల చేపలు కనిపిస్తుంటే అమ్మ తల ఎత్తలేదు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లలేదు. చీకటితోనే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు చేరాలి, అక్కడి నుంచి బండ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్తాయి, తర్వాత ఫెర్రీ, మళ్లీ స్పీడ్ బోటు, ఆపైన నడక. అమ్మకు అది కుదరదు. ఆ దారి జరావా అనే ఆదివాసులు ఉండే అడవి గుండా పోతుంది. ఫొటోలు తీయకూడదు, బండి ఆపకూడదు. అమ్మ ఓపిక అటుంచితే, వాళ్లను చూడొచ్చన్న ఆశతో ఎవరూ ఆ దారి పట్టకూడదని నా ఉద్దేశం. గుహల కోసం వెళ్లేవాళ్లు వెళ్లవచ్చు.

చివరి రోజు అమ్మ కొంగులో గవ్వలు, పగడపు ముక్కలు మూటకట్టింది. పగడాలు తీసుకెళ్లడం నేరమని, ఎయిర్‌పోర్టులో సామాన్లు చూస్తారని చెప్పాను. "సముద్రంది సముద్రంకే ఇద్దాం తీ" అని తనే విప్పి పోసింది.

ఇంటికొచ్చిన వారానికి మా చిన్నమ్మ ఫోన్ చేసి, నేను రాగలనా అక్కా అని అడిగిందట. "మెట్లు లేని కాడికే పోయినం. తడి ఇసుకల నడువు, పొడి ఇసుకల నడువకు. నీ మోకాళ్లు నా కన్న నయమే గదా, నువ్వు గుహలు గూడ జూడొచ్చు" అని చెప్పింది అమ్మ. చిన్నమ్మ వాళ్లకు వచ్చే ఫిబ్రవరి ఫెర్రీ తేదీలు ఇప్పుడు నేనే చూస్తున్నాను.