పోర్చుగీసు నేర్చుకునే ముందే తేల్చుకోవలసిన సంగతి

పోర్చుగీసు మాట్లాడే దేశాల్లో చదువుకోవాలని ఉందంటూ నన్ను సలహా అడిగేవారిలో ఎక్కువమంది, భాష ఒకటే కాబట్టి ముందు దాన్ని నేర్చుకుని, దేశం సంగతి తరువాత చూసుకోవచ్చనే ఉద్దేశంతో ఉంటారు. పోర్చుగల్‌లోని కోయింబ్రా విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తూ, మధ్యలో ఒక సెమిస్టర్‌ను విద్యార్థుల మార్పిడి పథకం కింద బ్రెజిల్‌లోని సావో పౌలో విశ్వవిద్యాలయంలో గడిపాక, ఈ వరుస తిరగబడాలనే అభిప్రాయం నాలో స్థిరపడింది. ముందు దేశం తేలాలి, ఆ తరువాతే భాష మొదలుపెట్టాలి.

చదవడం వరకైతే తేడా పెద్దగా తెలియదు. 1990లో కుదిరిన వర్ణక్రమ (స్పెల్లింగ్) ఒప్పందం పుణ్యమా అని రెండు దేశాల పుస్తకాలూ దాదాపు ఒకే తీరులో కనిపిస్తాయి. చిక్కంతా వినడంలోనే ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు బ్రెజిల్ ఉచ్చారణలోనివి. అక్కడ అచ్చులను నోరారా పలుకుతారు. పోర్చుగల్‌లో ఊనిక లేని, అంటే ఒత్తి పలకని అచ్చులను సగానికి సగం మింగేస్తారు. అందుచేత బ్రెజిల్ పాఠాలతో బి2 (మధ్యస్థం కన్నా పై) స్థాయికి చేరినవారు సైతం కోయింబ్రా తరగతి గదిలో కూర్చున్నప్పుడు తెర మీది స్లైడును చదివి అర్థం చేసుకుంటారే తప్ప, ఆచార్యులు నోటితో చెప్పేదాన్ని వెంటనే పట్టుకోలేరు. స్లైడులో లేనిదే పరీక్షలో వస్తుందన్నది వేరే బాధ. పోర్చుగల్ వెళ్లదలచినవారికి అక్కడి ప్రభుత్వ రేడియో అంతెనా 1లో రోజూ వార్తలు వినడం మరో వ్యాకరణ పుస్తకం కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

భాషా పరీక్షలు కూడా ఒకదానికొకటి పోలిక లేనివి. పోర్చుగల్ వైపు లిస్బన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాప్లే కేంద్రం ఒక్కో స్థాయికి ఒక్కో పరీక్ష పెడుతుంది. మనం ఏ స్థాయికి కూర్చుంటున్నామో ముందే తెలుసు. బ్రెజిల్ ప్రభుత్వం నిర్వహించే సెల్పే-బ్రాస్‌లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం. ఒక వీడియో చూసి, ఒక ఆడియో విని, రెండు పాఠ్యాలు చదివి వాటి ఆధారంగా రాయాలి, ఆపైన 20 నిమిషాల ముఖాముఖి ఉంటుంది. వచ్చిన మార్కులను బట్టే స్థాయి నిర్ణయమవుతుంది.

ఇక విశ్వవిద్యాలయ పరీక్షల విషయానికి వస్తే, పోర్చుగల్‌లో మార్కులు 20కి వేస్తారు. 10 వస్తే పాసు, 9.5ను 10గా లెక్కిస్తారు. 14, 15 వస్తే బాగు, 16, 17 అయితే చాలా బాగు, 18 నుంచి ఉత్తమం అని నిబంధనల్లోనే ఉంది. నూటికి తొంభైలు చూసి అలవాటైన కళ్లకు 14 నీరసంగా కనబడుతుంది గానీ, అక్కడ 14 తెచ్చుకున్నవారిని తోటివారు గౌరవంగానే చూస్తారు. మొదటి విడతలో తప్పినవారికి రెకుర్సు అనే రెండో విడత ఉంటుంది. ఒక సబ్జెక్టులో నాకు రాత పరీక్ష తరువాత మౌఖికం కూడా జరిగింది. బల్లకు అవతల కూర్చున్న ఇద్దరు ఆచార్యులలో ఒకరు నా జవాబు పత్రాన్ని నా వైపు తిప్పి, మూడో ప్రశ్న కింద రెండు వాక్యాల మధ్య పెన్సిలు ఆనించి, ‘ఇక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు?’ అని అడిగారు. అరగంటసేపు మేము మాట్లాడుకున్నది ఆ రెండు వాక్యాల మధ్యనున్న ఖాళీ గురించే. కంఠస్థం చేసిన చదువు ఇటువంటి చోట ఎందుకూ కొరగాదు.

సావో పౌలోలో డిగ్రీ తరగతుల్లో మార్కులు 10కి, పాసు 5కి. కానీ హాజరు 70 శాతం ఉండి తీరాలి. అంతకన్నా కొట్టొచ్చినట్లు కనిపించే తేడా మర్యాదల్లో ఉంటుంది. కోయింబ్రా ఆచార్యులకు మెయిల్ రాసేటప్పుడు బిరుదులు, గౌరవ సంబోధనలు ఒక్కటీ వదలకూడదు. అదే పద్ధతిలో సావో పౌలోకు రాసిన నా మొదటి మెయిలుకు ఆచార్యురాలు తన మొదటి పేరుతో సంతకం చేసి రెండు ముక్కల్లో జవాబిచ్చారు. 1290లో పుట్టిన విశ్వవిద్యాలయానికీ, 1934లో పుట్టినదానికీ అంతమాత్రం తేడా ఉండడం సహజమే. (కోయింబ్రాలో 18వ శతాబ్దపు జోవానినా గ్రంథాలయంలో పుస్తకాలు తినే పురుగులను రాత్రిపూట గబ్బిలాలు తింటాయి, వాటి రెట్టలు పడకుండా సాయంత్రం బల్లల మీద తోలు దుప్పట్లు కప్పుతారు. పద్ధతి మార్చుకోవడం అక్కడ ఎవరికీ తొందర కాదు.)

డబ్బు విషయంలో బ్రెజిల్‌దే పైచేయి. 1988 రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన ఉచితం, అది విదేశీయులకూ వర్తిస్తుంది. సావో పౌలో విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో విద్యార్థికి భోజనం 2 రియాల్‌లే. అన్నం, బీన్స్ కావలసినంత వడ్డించుకోవచ్చు, మాంసం మాత్రం కౌంటరు వెనుకనున్నవారు కొలిచినట్లు ఒక్క ముక్కే వేస్తారు. పోర్చుగల్ తన విద్యార్థుల డిగ్రీ ఫీజు గరిష్ఠ పరిమితిని 2020-21లో ఏడాదికి 697 యూరోలకు తగ్గించింది. అయితే 2014 నుంచి అంతర్జాతీయ విద్యార్థి హోదా వేరుగా ఉండడంతో, బయటివారి ఫీజు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పోర్చుగల్‌లో చదువు సెప్టెంబరులో మొదలైతే బ్రెజిల్‌లో ఫిబ్రవరి చివరనో మార్చిలోనో మొదలవుతుంది. దరఖాస్తుల లెక్క దీన్ని బట్టే వేసుకోవాలి.

చివరి మాట, పోర్చుగీసు మాట్లాడే ఆఫ్రికా దేశాల గురించి. అంగోలా రాజధాని లువాండాలోని ఒక విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన అగొస్తీన్యో నెతో, అంగోలా మొదటి అధ్యక్షుడు కాకముందు, కోయింబ్రాలోనూ లిస్బన్‌లోనూ వైద్యం చదివారు. తన వలస రాజ్యాల నుంచి వచ్చిన విద్యార్థులను కనుసన్నల్లో ఉంచుకోవడానికి పోర్చుగల్ ప్రభుత్వం 1944లో లిస్బన్‌లో అనుమతించిన విద్యార్థి నిలయం ఆయనలాంటివారికే కూడలి అయింది. చివరకు 1965లో రాజకీయ పోలీసులు దాన్ని మూసివేశారు. ఈ చరిత్ర వల్ల నేటికీ కోయింబ్రా తరగతుల్లో అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్ద్ విద్యార్థులు ఎక్కువగా కనిపిస్తారు. బ్రెజిల్ కూడా 2010లో ఆ దేశాల విద్యార్థులను దృష్టిలో ఉంచుకుని సెయరా రాష్ట్రంలోని రెదెన్సావ్‌లో యూనిలాబ్ అనే విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. నా తరగతిలోని అంగోలా మిత్రుల పోర్చుగీసు నా చెవికి స్థానికుల మాట కన్నా ఎంతో తేలికగా అందేది. రెకుర్సుకు ముందు, ఆ మిత్రులంతా కలిసి చదువుకునే బల్ల దగ్గర చోటు దొరికిన తరువాతే, స్లైడుల్లో లేని పాఠం నా నోట్సులోకి రావడం మొదలైంది.