అమ్మ తడికాళ్ళకు తగ్గ అరుగు

వంటింటి వెనక తలుపు నుంచి తులసికోట దాకా పలకలతో అరుగు వేయించాలని మా ఇంట్లో చాన్నాళ్ళ నుంచీ మాట నడుస్తోంది. మాది తిరుచానూరు. పెరట్లో నేల ఎగుడుదిగుడు, వాన పడితే బురద. తమ్ముడేమో టేకు అన్నాడు. నేను చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే కాంపోజిట్ పలకలు వేయించాను. ఎందుకో చెప్తాను, ఇలాంటి పని పెట్టుకోబోయేవాళ్ళకు పనికొస్తుంది.

అమ్మకు డెబ్బై దాటాయి, మోకాలి ఆపరేషన్ కూడా అయింది. తెల్లవారుజామున స్నానం చేసి, తడికాళ్ళతోనే చెంబు పట్టుకుని తులసమ్మ దగ్గరికి వెళ్తుంది. చెప్పులు వేసుకోదు, వేసుకోమని చెప్పడం కూడా బాగుండదు. పైగా మా ఊళ్ళో కార్తీక బ్రహ్మోత్సవాలు సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వానల్లోనే వస్తాయి. పంచమీ తీర్థం నాడు పద్మసరోవరంలో మునిగొచ్చిన చుట్టాలంతా తడిబట్టలతో పెరటి దారినే ఇంట్లోకి వస్తారు. పిల్లలు, ముసలివాళ్ళు, అందరివీ వట్టికాళ్ళే. ఆ కాళ్ళ కింద జారనిది కావాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంటి లోపల, కప్పు కింద టేకుకు సాటి లేదు. మా జేజి నాటి తలుపులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆకాశం కింద వేస్తే మాత్రం దాని సంగతి వేరు. ఎండకు బూడిదరంగు తిరుగుతుంది, తడిసి ఆరి తడిసి ఆరి పగుళ్ళిస్తుంది, పేళ్ళు లేస్తాయి. ఏటా నూనె పట్టించాలి. మా మామిడిచెట్టు నీడలో ఆరకుండా ఉండిపోయిన చోట పాచి పడుతుంది, ఇక దాని మీద తడికాలు నిలవదు. గాళ్ళు తీసిన చెక్క అయితే జారదని మా ఆచారి అన్నాడు. ఆ గాళ్ళలోనే మన్నూ ఆకుపొడీ చేరి పాచికి చోటు దొరుకుతుంది కదా.

కాంపోజిట్ అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి వేడిచేసి, అచ్చులోంచి పలకలుగా తోసినది. షాపుల్లో డబ్ల్యూపీసీ అని అడిగితే చూపిస్తారు. వీటిలో రెండు రకాలున్నాయి. మొదటిదానికి పైపొర ఉండదు, చెక్కపొడి నేరుగా గాలికీ నీటికీ తగులుతుంది. రెండోదానికి చుట్టూ పలచటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, నీళ్ళు పీల్చడం, మరకలు పడటం తక్కువ. చంద్రగిరి వైపు ఒక రిసార్టులో చెట్ల కింద మొదటి రకం పలకలు నల్లగా పాచిపట్టి ఉండటం కళ్ళారా చూశాను. కాంపోజిట్‌కు పాచి పట్టదని ఎవరైనా చెప్తే నమ్మకండి. పలకకు పట్టకపోయినా దాని మీద పేరుకున్న మట్టికి పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి జారుడు పరీక్షలది. షాపాయన ఒక కాగితం తీసి, ‘ఇది ఆర్ 11 మేడమ్, అస్సలు జారదు’ అన్నాడు. ఆ ఆర్ లెక్క జర్మనీ వాళ్ళది. వాలుబల్ల మీద నూనె పోసి, పనివాళ్ళు వేసుకునే బూట్లతో మనిషిని నడిపించి కొలుస్తారు. ఫ్యాక్టరీలకు అది సరైన కొలతే. మన ఇళ్ళలో బూట్లేవి? వట్టికాళ్ళకు అక్కడే వేరే పరీక్ష ఉంది, డీఐఎన్ 51097. సబ్బునీళ్ళు పారుతున్న వాలుబల్ల మీద చెప్పుల్లేకుండా నడిపిస్తారు. 12 డిగ్రీల వాలు దాకా నిలిస్తే ఏ, 18 దాకా నిలిస్తే బీ, 24 దాకా నిలిస్తే సీ. ఈత కొలనుల చుట్టూ చూసేది ఈ అక్షరాలనే. బ్రిటన్‌లో, చివర రబ్బరు ముక్క ఉన్న లోలకాన్ని పలకకు రాసుకునేలా ఊపి కొలుస్తారు. అందులో 36, ఆపైన వస్తే జారే ప్రమాదం తక్కువని లెక్క, 25 కంటే తక్కువైతే ఎక్కువని. ఆ అంకె పొడిగా ఉన్నప్పటిదా, తడిగా ఉన్నప్పటిదా అని తప్పకుండా అడగాలి. పొడిగా ఉంటే చాలా పలకలు మంచి అంకే చూపిస్తాయి.

కాగితం ఎంత బాగున్నా నేను మూడు రకాల ముక్కలు ఇంటికి తెచ్చుకున్నాను. బోరునీళ్ళు పోసి, సబ్బు నురుగు రాసి, గోడ పట్టుకుని నేనే వాటి మీద నిలబడి చూశాను. నున్నగా, అందంగా ఉన్నది మొదటే పోయింది. పొడుగ్గా గాళ్ళున్న పలక మీద కాలు గాడికి అడ్డంగా కదిలితే పట్టు దొరికింది, గాడి వెంబడి కదిలితే అంత దొరకలేదు. అందుకే నడిచే దారికి పలకలు అడ్డంగా వచ్చేట్టు వేయించాం. మేం తీసుకున్నది గరుకుగా చెక్కగీతలు ఒత్తిన, తొడుగున్న రకం.

అమ్మను కూడా నిలబెట్టి చూపించాను. ‘జారేది లేదు గానీ, కాలు కాల్తా ఉంది కదమ్మా’ అంది. అది మిట్టమధ్యాహ్నం, ముక్క ఎండలో ఉంది. తిరుపతి ఎండ సంగతి చెప్పేదేముంది, వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ముదురు గోధుమరంగు పలక మీద అరికాలు ఆనించలేం. ఇసుకరంగుది కొంత మేలు, అయినా వేడే. కాబట్టి మామిడినీడ వదులుకోలేకపోయాం. నీడలో ఉంటే పాచి, ఎండలో ఉంటే మంట. రెండింట్లో పాచిని చీపురుతో కడగొచ్చు కాబట్టి నీడనే ఎంచుకున్నాం. రాలిన ఆకులు రోజూ ఊడ్చి, వారానికోసారి సబ్బునీళ్ళతో మెత్తటి బ్రష్షుతో గీతల వెంబడి రుద్దుతాం. ప్రెషర్ వాషర్ గట్టిగా కొడితే పైపొర పాడవుతుందని దాని జోలికి పోలేదు.

ఈ పలకలు బరువు మోసే దూలాలుగా పనికిరావు. కింద ఆధారం కావాలి. మేం జీఐ, అంటే జింకుపూత ఉన్న ఇనప బాక్స్ పైపులు వేయించి, కోసిన చోటల్లా, వెల్డింగ్ అతుకుల దగ్గరా తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టించాం. పైపుల మధ్య దూరం కంపెనీ చెప్పినదానికంటే ఒక్క అంగుళం కూడా పెంచనివ్వలేదు. దూరం పెరిగితే ఎండకు పలక కుంగుతుంది. చెక్క తడికి అడ్డంగా ఉబ్బుతుంది. కాంపోజిట్ వేడికి పొడవునా సాగుతుంది. అందుకే చివర్లలో సందు వదలాలి. చలికాలంలో బిగిస్తే ఇంకాస్త ఎక్కువ వదలాలి. గోడకు ఆనించి బిగించేస్తే వేసవిలో పలక పైకి లేస్తుంది, ఆ లేచిన అంచే కాలికి తట్టుకుంటుంది. కింద గాలి ఆడాలి, నీళ్ళు నిలవకూడదు.

‘మరి ముగ్గు యాడేసేది?’ అని అమ్మ అడిగింది. ఆ ప్రశ్నతో సగం డిజైన్ మారింది. గరుకు పలక మీద పిండి గీత నిలవదు. తులసికోట ముందు ముగ్గుకు చాలినంత జాగా వదిలి, అక్కడ గరుకు రాతిబండ వేయించాం. దీపాలూ ఆ రాయి మీదే. కాంపోజిట్ ప్లాస్టిక్ కలిసిన పలక, నిప్పు తగిలితే కరుగుతుంది. దీపం నూనె ఒలికితే ఎంత గరుకు పలకైనా జారుతుంది. పలకల పక్కనే కార్తీక దీపాలు పెట్టేవాళ్ళు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

ఖర్చంటారా, మంచి టేకు కంటే తక్కువే అయింది, రాతిబండల కంటే బాగా ఎక్కువ. నేల చదునుగా ఉండి, డబ్బు చూసుకోవాల్సివస్తే, పాలిష్ పెట్టని గరుకు బండలు వేయించుకోండి. అందులో తప్పేమీ లేదు. కాంపోజిట్టే అనుకుంటే బిల్లు మీద పలక రకం, తడి పరీక్ష అంకె రాయించుకోండి. రెండు పలకలు అదనంగా కొని చదునుగా దాచుకోండి. తర్వాత కొన్నవాటి రంగు వీటితో కలవకపోవచ్చు.