యూటర్న్ దాకానేనట

పదకొండు దాటింది. మా వారు ఎప్పటిలాగే న్యూస్ చూస్తూ కుర్చీలోనే నిద్రపోయారు. నాకే నిద్ర రావడం లేదు. పొద్దున పాత కార్ల షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. "మీరు ఏ బండిలో వచ్చారండీ?"

పార్కింగ్ కోసం అడుగుతున్నాడేమో అనుకుని గేటు దగ్గరున్న మన వ్యాగనార్ చూపించాను. ఆ తర్వాత అతని మాట తీరే మారిపోయింది. అంతకుముందు "రండి మేడమ్, కూర్చోండి మేడమ్" అన్నవాడు కాస్తా, మేం అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

అన్నయ్యకి బెంజి మీద మనసు మళ్ళీ మళ్ళింది. పోయినసారి వదిన ఆపేసింది. ఈసారి చెరువులో రొయ్యల పట్టుబడి బాగుంది, రేటు పడకముందే సరుకు వెళ్ళిపోయింది, చేతిలో డబ్బుంది. కొత్తది కొనే ఆలోచన లేదు. రాజమండ్రిలో హైవే పక్కన పెద్ద కార్లు సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేచోట 2018 బెంజి జీఎల్‌సీ డీజిల్ ఉందని ఎవరో చెప్పారట. "నువ్వు నడిపి చూడమ్మలూ, నాకు ఆటోమేటిక్ అలవాటు లేదు" అన్నాడు. ఆఫీసులో ఆటోమేటిక్ కారు నడిపేది నేనే కదా. సెలవు పెట్టి బయల్దేరాను.

దారంతా బాగుంది. అన్నయ్యా నేనూ ఇలా ఇద్దరమే కార్లో కూర్చుని ఎన్నాళ్ళైందో. తణుకు దాటాక టీ తాగాం. అంతే, ఇంక సంతోషం గురించి రాయడానికి ఏమీ లేదు.

అక్కడికి వెళ్ళాక మొదట నేను చేసిన పని బోనెట్ మీద చెయ్యి పెట్టడం. గోరువెచ్చగా ఉంది. మేం వస్తున్నామని ఫోన్ చేసి చెప్పాం కాబట్టి ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. డీజిల్ ఇంజను సంగతి రాత్రంతా ఆగి చల్లబడ్డాక స్టార్ట్ చేసినప్పుడే తెలుస్తుంది. పొగ వస్తుందా, వణుకుతుందా, ఒక్క కొట్టుడుకి అందుకుంటుందా అన్నది వేడెక్కిన ఇంజను చెప్పదు. అయినా ఏమీ అనలేదు. లోపల కూర్చుని సీటు బెల్టు చివరిదాకా లాగాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశాం కదా. అలాంటి బండ్లను కడిగి, తుడిచి, సెంటు కొట్టి అమ్మేవాళ్ళుంటారు. సీట్లు మార్చినా బెల్టు లోపలి భాగం మార్చరు, నీళ్ళు ఎక్కినచోట బురద గీత ఉండిపోతుంది. ఈ బెల్టు శుభ్రంగానే ఉంది. చివర కుట్టు దగ్గర కొత్త గుడ్డకుండే బిరుసు కూడా పోలేదు. కార్పెట్ ఎత్తి వాసన చూశాను, ముక్కవాసన లేదు. కారు నాకు నచ్చింది.

"సరే, ఒక రౌండు నడిపి చూస్తాం" అన్నాను.

అప్పుడు బయటికొచ్చాయి రూల్సు. ముందు పాతిక వేలు టోకెన్ కట్టాలి. లైసెన్సూ ఆధార్ జిరాక్సులు ఇవ్వాలి. కట్టినా స్టీరింగ్ మన చేతికి ఇవ్వరు. వాళ్ళ డ్రైవరే నడుపుతాడు, మనం పక్కన కూర్చోవాలి. అదీ షోరూమ్ నుంచి యూటర్న్ దాకా వెళ్ళి రావడమే. రేటు ఖాయమయ్యాక మాత్రం నడపనిస్తారట. టోకెన్ వెనక్కి ఇస్తారా అంటే "అది మేనేజర్ గారు చూసుకుంటారండీ" అన్నాడు.

అన్నయ్యకి కోపం తక్కువ. నెమ్మదిగానే అన్నాడు. "బాబూ, రొయ్యలు కొనేవాడు నా చెరువు దగ్గరికొస్తే ముందు విసురు వల వేయించుకుని, కిలోకి ఎన్ని తూగుతాయో వాడి చేత్తో లెక్కపెట్టుకుని, అప్పుడు రేటు చెబుతాడు. వల వెయ్యాలంటే అడ్వాన్సు కట్టు అని నేను అనలేదు. సీడు కొనేటప్పుడు నేనూ పీసీఆర్ టెస్టు చేయించుకునే తెచ్చుకుంటాను. ముప్ఫై లక్షల వస్తువు యూటర్న్ దాకా చూసి కొనమంటే ఎలాగ?"

కుర్రాడి దగ్గర జవాబు లేదు. "పాలసీ అండీ" అన్నాడు.

యూటర్న్ దాకా వెళ్తే ఏం తెలుస్తుంది? గేరు కుదుపు ఎనభై దాటాక, మళ్ళీ నలభైకి దిగాక తెలుస్తుంది. సస్పెన్షన్ మోత మన చేల గట్ల పక్క రోడ్డు మీద తెలుస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకి లాగుతోందా అన్నది స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది, పక్క సీట్లో కూర్చున్నవాడికి తెలియదు. ఏసీ కూడా మధ్యాహ్నం ఎండలో ఇరవై నిమిషాలు ఆడాకే తన సంగతి చెబుతుంది.

అప్పటికీ సర్దుకునేదాన్నే. మేం ఆ మాటల్లో ఉండగా ఫార్చ్యూనర్‌లో ముగ్గురు దిగారు. మా కుర్రాడు మమ్మల్ని వదిలి అటు పరిగెత్తాడు. అయిదు నిమిషాల్లో వాళ్ళ చేతికి ఒక ఆడీ తాళం ఇచ్చారు. జిరాక్సు లేదు, టోకెన్ లేదు. వాళ్ళే నడుపుకుంటూ హైవే ఎక్కారు. అన్నయ్య అటు చూసి మళ్ళీ చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ చూపు చూశాక నాకు ఒళ్ళు మండిపోయింది. చెరువు మీద సంపాదించిన డబ్బుకి, ఎక్కడి నుంచో ఊడిపడ్డ డబ్బుకి వీళ్ళ దగ్గర వేరే వేరే రూల్సా?

తిరిగొస్తుంటే సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద నాన్నగారు గుర్తొచ్చారు. ఈ వంతెన మీద నడిపి చూసే మా అంబాసిడర్ కొన్నది.

తొంభై ఆరు తుఫానుకి ముందు ఏడాది. ఆచంట వైపు ఒక రైసుమిల్లు ఆయన తన డీజిల్ అంబాసిడర్ అమ్ముతానంటే, నాన్నగారు పాలకొల్లు నుంచి మెకానిక్ సాయిబు గారిని వెంటబెట్టుకుని వెళ్ళారు. మేమిద్దరం ఏడ్చి మరీ ఎక్కాం. మిల్లు ఆయన రేటు మాట ఎత్తనేలేదు. తాళాలు నాన్నగారి చేతిలో పెట్టి, "తీసుకెళ్ళండి, రేపు సాయంత్రం తెచ్చినా పర్లేదు. మా ఆవిడకి ఊరెళ్ళే పని ఎల్లుండి" అన్నాడు.

సాయిబు గారు ముందు ఇంజను ఆన్‌లో ఉంచి ఆయిల్ మూత తీసి, ఆ బెజ్జం మీద అరచెయ్యి పెట్టారు. బ్యాక్ కంప్రెషన్, అంటే ఇంజను లోపలి గాలి వెనక్కి ఎంత కొడుతోందో చూడటానికి. చేతికి పడిన నూనె తుంపర్లు మాకు చూపించి "ఫరవాలేదు, ఇంకో నాలుగేళ్ళు ఇంజను విప్పి బోరింగ్ చేయించక్కర్లేదు" అన్నారు. తర్వాత పెనుగొండ మీదుగా హైవే ఎక్కి, సిద్ధాంతం వంతెన ఎత్తు మీద టాప్ గేరులోనే నెమ్మదిగా ఎక్కించారు. గుంజుతుందా, పీకుతుందా అని. రావులపాలెం దాకా వెళ్ళాం. వచ్చేటప్పుడు ఆయన వెనక సీట్లోకి వచ్చి, మమ్మల్ని నోరు మూసుకోమని, సీటు మీదకి వంగి వెనక ఇరుసులోని క్రౌను పళ్ళచక్రం మోత విన్నారు. నాన్నగారు నడుపుతున్నారు. "కొంచెం వదలండి, ఇప్పుడు తొక్కండి, మళ్ళీ వదలండి." మేం ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాం. చివరికి ఆయన లేచి "తీసుకోవచ్చండీ" అన్నాక అన్నయ్య వేసిన కేకకి నాన్నగారు ఉలిక్కిపడ్డారు. మా నాన్నగారు నిజంగా ఆనందంగా నవ్వడం నేను చూసిన సందర్భాల్లో అదొకటి. ఆ కారు మా ఇంట్లో చాలాకాలం ఉంది. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళింది దాన్లోనే.

ఇదంతా ఇంటికొచ్చాక మా వారికి ఆవేశంగా చెప్పాను. అంతా విని ఒక్క మాట అడిగారు. "ఆ మిల్లు ఆయన మీ నాన్నగారికి తెలుసా, తెలీదా?"

తెలుసు. ధాన్యం తోలేది ఆయన మిల్లుకే. తాళం ఇచ్చింది పరిచయానికి. ముక్కూ మొహం తెలియనివాడు వెళ్ళి అడిగితే ఆయనైనా ఇచ్చేవాడు కాదు. అక్కడ నా కోపం కొంచెం తగ్గి, కూర్చుని ఈ అమ్మకాల రూల్సు చదవడం మొదలుపెట్టాను.

వాళ్ళ వైపు కూడా కష్టం ఉంది. అక్కడున్న కార్లలో చాలావరకు వాళ్ళవి కావు, ఎవరో అమ్మిపెట్టమని వదిలినవి. మేం చూసిన కారు కూడా హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారి పేరునే ఉంది. నేను నడుపుతూ ఎవరినైనా గుద్దితే? అమ్మేసినా సరే, ఆర్‌టీఓ రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే నా టెస్ట్ డ్రైవ్‌కి ఎక్కడో ఉన్న ఆ డాక్టరు గారు కోర్టుకెక్కాలి. చిన్న గీత పడినా ఇబ్బందే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, క్లెయిమ్ ఉందని తెలిస్తే కారు రేటూ పడుతుంది. రీల్స్ కోసం వచ్చి తాళం అడిగే కుర్రాళ్ళు ఉంటారన్నది కూడా నిజమే, మా ఆఫీసులోనే ఉన్నారు. కాబట్టి లైసెన్సు కాపీ అడగడం న్యాయమే. పక్కన వాళ్ళ మనిషి కూర్చోవడం న్యాయమే. ఆ మాటకొస్తే టోకెన్ కూడా, వెనక్కి ఇస్తామని కాగితం మీద రాసిస్తే, తప్పు కాదు.

కానీ ఇంకొంచెం చదివితే మళ్ళీ కోపం వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2022 డిసెంబరులో మార్పు తెచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత బండ్లు అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించగానే ఫారం 29సీ ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ తర్వాత ఆ బండికి డీలరే యజమాని కింద లెక్క. కొనేవాళ్ళకి చూపించడానికి బండి రోడ్డెక్కించవచ్చు, కాకపోతే ఎందుకు తీశారు, ఎవరు నడిపారు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు అన్నది ఎలక్ట్రానిక్ ట్రిప్ రిజిస్టరులో రాయాలి. అంటే ఆ రూలు రాసినవాళ్ళకి టెస్ట్ డ్రైవ్ సంగతి తెలుసు, దానికి దారీ పెట్టారు. ఆ 29సీ పెట్టి ఉంటే "ఓనరు ఒప్పుకోరు మేడమ్" అని డాక్టరు గారి పేరు అడ్డం పెట్టుకోవాల్సిన పని లేదు. పెట్టకపోతే, ఆ సంగతి మాకు తెలియకుండానే పాతిక వేలు అడుగుతున్నారన్నమాట. ఆడీ తీసుకెళ్ళిన ఆ ముగ్గురి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు, నేను అక్కడే నిలబడి చూశాను.

రూలు ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. బోర్డు మీద రాసి గోడకి తగిలించి, వ్యాగనార్‌లో వచ్చినా ఫార్చ్యూనర్‌లో వచ్చినా అదే చూపించాలి. అన్నయ్య చెప్పుల వైపు చూసుకోవడం నేను మర్చిపోలేను.

ఇది రాస్తుండగానే అన్నయ్య మెసేజ్ పెట్టాడు. ఆ కుర్రాడు ఫోన్ చేసి, ఇంకో పార్టీ అడుగుతోంది, రాత్రికి టోకెన్ పంపేస్తే బండి ఆపుతానన్నాడట. "ఫోన్‌పే చేసెయ్యనా?" అంటున్నాడు.

వద్దన్నాను. ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఫోటో, 29సీ రసీదు వాట్సాప్‌లో పెట్టమను, టోకెన్ తిరిగి ఇస్తామని లెటర్‌హెడ్ మీద రాసివ్వమను, ఇంజను చల్లగా ఉండగా పొద్దున్నే వస్తాం, స్టీరింగ్ నేను పడతాను, పక్కన వాళ్ళ మనిషి కూర్చోవచ్చు అని చెప్పమన్నాను. ఆర్‌సీ నంబరు పంపిస్తే హైపోథికేషన్ (బండి మీద అప్పు), ఇన్సూరెన్స్, చలాన్లు రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో నేనే చూస్తానన్నాను. దీనికి ఒప్పుకోకపోతే విజయవాడలో చూద్దాం, కారు ఎక్కడికీ పోదు. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. వదిన పక్కనే ఉండి ఉంటుంది.