కర్నూలు నుంచి గండికోట: కారు కరెంటుతో దోబూచులు

కర్నూలు నుంచి గండికోటకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోవచ్చు. మేము బేలం గుహలు కూడా చూడాలని పాణ్యం దగ్గర హైవే దిగి బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల దారి పట్టుకున్నాం. నేను, అక్క, బావ, పిల్లలు.

బనగానపల్లె దాటాక మొదలైంది. గుంతలో పడినప్పుడల్లా డ్యాష్‌బోర్డు ఒక్క క్షణం మసకబారి, స్టీరింగ్ గుర్తు వెలిగి, ఆరిపోతోంది. ఆ క్షణం స్టీరింగ్ బిగుసుకుంటోంది. ఎదురుగా నాపబండల లారీలు, వెనక సీట్లో పిల్లలు, టెన్షన్ మామూలుగా లేదు. ఆపి బానెట్ ఎత్తితే మాత్రం అంతా బాగానే ఉంటుంది. వచ్చి పోయే రోగంతో ఇదే చిక్కు, షెడ్డుకు తీసుకుపోయేసరికి కనపడదు. పోయిన నెల ఊళ్లో ఒక షెడ్డువాళ్లు ఇదే లక్షణానికి బ్యాటరీ మార్చేశారు. డబ్బు పోయింది గానీ జబ్బు పోలేదు.

"ఆల్టర్నేటరే పోయుంటుంది" అన్నాడు బావ. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది అదే. నాకు నమ్మకం కుదరలేదు. అది లోపలే పాడైతే మంచి రోడ్డు మీద కూడా కనపడాలి కదా! ఏసీ ఆపి చూస్తే బాధ చాలా తగ్గింది. అంటే కరెంటు వాడకం, కుదుపు రెండూ కలిసినప్పుడే ఎక్కువగా వస్తోందన్నమాట.

కొలిమిగుండ్లలో ఒక పెద్దాయన దొరికాడు, ఆటో ఎలక్ట్రీషియన్. స్పానర్ పట్టుకోకముందే అడిగాడు: "ఎప్పుడొస్తాంది నాయనా? ఏసీ వేసినప్పుడా, గుంతలో పడినప్పుడా, ఇంజన్ కాగినాకనా?" చెప్పాను. ఇంజన్ ఆన్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ వేయించి, మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టాడు. కరెంటు తిరిగి వెళ్లే దారి బాగుంటే అక్కడ 0.2 వోల్టుల లోపే రావాలి. మాకు 0.9 చూపించింది, ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ తీగను (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అదే) చేత్తో ఊపితే ఇంకా పైకి ఎగిరింది. విప్పితే జడలా అల్లిన ఆ రాగి తీగ కొన నిండా పచ్చటి చిలుము, సగం పోగులు తెగిపోయి మిగతావి బోల్టు కింద వేలాడుతున్నాయి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి ప్రతి కుదుపుకీ ఆ పోగులు అంటుకోవడం, ఊడిపోవడం, అదీ అసలు సంగతి. ఆల్టర్నేటర్ కరెంటు చేస్తూనే ఉంది, తిరిగి వెళ్లే దారే సరిగా లేదు.

బాడీ మీద పెయింటు, తుప్పు ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త ఎర్త్ తీగ బిగించి, పైన గ్రీజు రాశాడు. మళ్లీ పెడితే 0.05. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు నిలకడగా నిలబడ్డాయి. పార్టులు మార్చుకుంటూ పోయే ముందు ఇలాంటి కొలత ఒక్కటి తీసుకుంటే ఎంత డబ్బు మిగిలేదో!

బేలం అక్కడికి దగ్గరే. 3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కిలోమీటరు దాకా తిరగనిస్తారు. లోపల ఉక్క విపరీతం, పాతాళగంగ దాకా దిగేసరికి పిల్లలు తడిసి ముద్దయ్యారు. గండికోటలో పెన్నా లోయ చూసేసరికి సాయంత్రమైంది.

జమ్మలమడుగుకు చీకట్లో వచ్చాం. కావాలనే ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ వేసి నడిపాను, ఒక్క లైటూ మినుకుమనలేదు. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే రెండో ఎర్త్ కూడా అంతే పాతది, ఈ వారంలో దాన్నీ విప్పించి గీకించాలి.