గండికోటలో నీడ ఎటు తిరుగుతుంది?

రోహిణి కార్తెకి రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తె ఇంకో వారంలో వస్తుందనగా మేం కడపలో ఉన్నాం. దగ్గరి బంధువుల పెళ్లి. పెళ్లయిన మర్నాడు గండికోట చూసొద్దామని మా ఆయన అన్నారు. కారులో నేనూ, ఆయనా, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, మా అత్తయ్య. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. రోజూ ఇన్సులిన్ కూడా తీసుకోవాలి. మాది ఎలక్ట్రిక్ కారు. కడప నుంచి గండికోట సుమారు 80 కిలోమీటర్లే కాబట్టి ఛార్జ్ గురించి నాకు టెన్షన్ లేదు. ఆ ఎండలో కారు ఆపి దిగాక లోపల ఎంత కాలిపోతుందో, అత్తయ్య అందులో ఎలా కూర్చుంటుందో అన్నదే నా బెంగ.

పిన్ని వాళ్లింట్లో రాత్రంతా కారును 15 ఆంప్స్ ప్లగ్గుకి పెట్టాం. పొద్దున బయల్దేరే ముందు పావుగంట, ప్లగ్గు పీకకుండానే, ఫోన్‌లోంచి ఏసీ ఆన్ చేశాను. ఏసీకి కరెంటు ఎక్కువ ఖర్చయ్యేది వేడెక్కిన కారును చల్లబరిచేటప్పుడే. మొదట్లో మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది. ఒకసారి చల్లబడ్డాక అలాగే నిలపడానికి ఒక కిలోవాట్ అటూ ఇటూగా చాలు. ఆ మొదటి బరువు ఇంటి కరెంటు మోస్తే బ్యాటరీ అంతా దారికి మిగులుతుంది. పెట్రోలు కారుకి ఈ వీలు ఎక్కడిది!

మేం కారు సర్దుతుంటే బాబాయి వచ్చి, అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించుకోమ్మా అన్నాడు. మన దగ్గర అది కుదరదు, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. అయినా ఎండ వేడిలో దాదాపు సగం మన కంటికి కనిపించని కిరణాలదే. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన అదంతా ఆగిపోదు. నేను ముందు అద్దానికి వెండిరంగు షీటు ఒకటి, పక్క అద్దాలకు జాలీ తెరలు పెట్టుకున్నాను. అవి కూడా కారు ఆపినప్పుడే వాడతాను.

ఎర్రకారం దోసెలు తిని బయల్దేరాం. ప్రొద్దుటూరులో మంచినీళ్ల సీసాలు కొనడానికి కాసేపు ఆగాం. దుకాణం ముందు నీడ లేదు. తిరిగొచ్చి సీటు బెల్టు పెట్టుకోబోయిన మా అమ్మాయి "అమ్మా, కాల్తోంది!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. బెల్టు చివరి ఇనుప నాలుక మీద ఎండ సూటిగా పడింది. పిల్ల వేళ్ల మీద రెండు ఎర్రటి గీతలు. సీసాలోని నీళ్లతో ఆ చెయ్యి తడిపి, బెల్టు మీద తడి తువాలు వేసి, అది చల్లారాకే బయల్దేరాం. అప్పటినుంచి కారు ఎక్కడ ఆపినా బెల్టు నాలుకల్ని సీటు వెనక్కి తోసేసి, స్టీరింగ్ మీద తెల్ల తువాలు కప్పుతున్నాను.

అద్దాల్లోంచి వెలుతురు లోపలికొచ్చి డాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది. అవి తిరిగి వదిలే వేడిని అద్దం బయటికి పోనివ్వదు, వేడెక్కిన గాలికీ దారి ఉండదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని అరిజోనాలో ఎండాకాలంలో దీన్ని కొలిచి చూశారు. గంటసేపు ఎండలో ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీలకు, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడలో ఉన్నవాటిలో గాలి 38 దగ్గర, డాష్‌బోర్డు 48 దగ్గర ఉన్నాయి. అద్దాలు వేలెడంత దించి పెడితే చాలని చాలామంది నమ్ముతారు. దాంతో పెద్ద తేడా రాదని 2005లోనే అమెరికాలో డాక్టర్లు కొలిచి చెప్పారు. వేడి పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే అయిపోతుందని కూడా వాళ్లు గమనించారు. అందుకే "ఐదు నిమిషాలే కదా" అని పిల్లల్ని కారులో వదిలి వెళ్లేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

జమ్మలమడుగు దాటి గండికోట చేరేసరికి పదిన్నర. ఎర్రమల కొండల మీద ఎర్రరాతి కోట. కింద బండల్ని కోసుకుంటూ పెన్నా. చెట్లు తక్కువ. ఉన్న ఒక వేపచెట్టు నీడ చూసి అటు తిప్పబోయాను. పక్కనే బండి మీద నన్నారి షర్బత్ అమ్ముతున్న పెద్దాయన చెయ్యి ఊపాడు.

"అక్కా, ఆడొద్దు. చెట్టుకు ఈ పక్క పెట్టుకో. అన్నం పొద్దుకు నీడ ఈడికొస్తాది."

ఆయన చూపించిన చోట అప్పటికి నిప్పులు చెరిగే ఎండ. కానీ ఆయన మాట అక్షరాలా నిజం. పదిన్నరకి సూర్యుడు ఇంకా తూర్పునే ఉంటాడు, నీడ చెట్టుకు పడమట పడుతుంది. మధ్యాహ్నం దాటితే అది తూర్పుకు జరుగుతుంది. మేం వెళ్లేది రెండింటికి. ఇంకో సంగతి, కడప దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరికే మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తిన నిలుస్తాడు, ఆ తర్వాత ఆగస్టు సగం దాకా కాస్త ఉత్తరానికే ఉంటాడు. గోడ చాటున పెట్టుకుందామన్నా మే నెల మధ్యాహ్నం గోడకు నీడే ఉండదు. కారుకి కొమ్మలున్న చెట్టో, పైకప్పో కావాలి. నేను చెట్టుకు తూర్పున, కారు ముఖం తూర్పుకే పెట్టి ఆపాను. పొద్దువాలాక వచ్చే పడమటి ఎండ పెద్దదైన ముందు అద్దం మీద పడకుండా, చిన్నదైన వెనక అద్దం మీద పడుతుంది. ఆలోపు తూర్పు ఎండని వెండి షీటు చూసుకుంటుంది.

మొదటి రెండు గంటలూ అత్తయ్య కారులోనే ఏసీ వేసుకుని కూర్చుంది. తోడుగా మొదట మా ఆయన ఉన్నారు. నేనూ అమ్మాయీ లోయ అంచుకి, జామియా మసీదుకి వెళ్లొచ్చాక ఆయన వెళ్లారు, నేను కూర్చున్నాను. ఇంజిన్ రొద లేదు, పొగ లేదు. పక్కవాళ్లెవరికీ ఇబ్బంది లేదు. తాళం చేతిలో ఉన్న పెద్దవాళ్లొకరు లోపల ఉండాలన్నది మాత్రం మా ఇంట్లో నియమం. యాప్ నుంచి వేసిన ఏసీ మా కారులో కొంతసేపయ్యాక దానంతటదే ఆగిపోతుంది. సిగ్నల్ లేని చోట ఫోన్‌ని నమ్ముకోలేం.

ఆ రెండు గంటల్లో ఛార్జ్ ఆరు శాతం తగ్గింది. మా బ్యాటరీ 40 యూనిట్లది, అంటే దాదాపు రెండున్నర యూనిట్లు, దారి లెక్కలో పదిహేను కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి చల్లగా కూర్చోవడానికి అది నాకు చాలా చవక.

తర్వాత నలుగురం మెల్లగా మాధవరాయ స్వామి గుడికి నడిచాం. ఇన్సులిన్‌ని చల్లగా ఉంచే సంచీ నా భుజానికే ఉంది. వాడుతున్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటకూడదు, మూసిన కారులో అది ఎంతోసేపు నిలవదు. పవర్ బ్యాంకు, సెంటు స్ప్రే కూడా సంచీలోనే. గోపురం కింద, ద్వారం నీడలో అత్తయ్య చాలాసేపు కూర్చుని, చెక్కిన బొమ్మలన్నీ మనవరాలికి చూపించింది.

తిరిగొచ్చేసరికి కారు సగానికి పైగా నీడలో ఉంది. ఒక పక్క అద్దం దించి, ఎదుటి పక్క తలుపు నాలుగైదు సార్లు విసురుగా తీసి వేశాం. ఆ వేడి గాలి మొహానికి కొట్టి బయటికి పోయింది. బయటి గాలి లోపలికి వచ్చేలా ఫ్యాను తిప్పి, ఆ తర్వాతే లోపలి గాలి తిరిగేలా మార్చి ఏసీ పెంచాను. పెద్దాయన దగ్గర నన్నారి తాగి, ఆయనకు దండం పెట్టి బయల్దేరాం.

దారిలో ఫాస్ట్ ఛార్జింగ్ జోలికి పోలేదు, అవసరం రాలేదు. వేడెక్కిన బ్యాటరీని గబగబా ఛార్జ్ చేస్తే దాన్ని చల్లబరచడానికే కరెంటు పోతుంది, వేగమూ తగ్గిపోతుంది. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని ఎండలో గంటలకొద్దీ నిలబెట్టడం కూడా దాని ఆయుష్షుకి మంచిది కాదు. అందుకే కడప చేరాక వెంటనే పెట్టకుండా, రాత్రి భోజనాలయ్యాక పిన్ని ఇంటి ప్లగ్గుకి పెట్టాను.

మర్నాడు ఒంటిమిట్ట. అక్కడ సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. పొద్దున్నే వెళ్లాం కాబట్టి కారు ముఖం ఈసారి పడమటికి తిప్పి ఆపాను. తొమ్మిదిన్నరకల్లా దర్శనం అయిపోయింది, ఎండ ముదరకముందే కడప దారి పట్టాం.