తప్పు చేసిన మొహం

మా కుక్క పేరు బొగ్గు. రంగు చూసి మా అబ్బాయి పెట్టిన పేరు. మా కుక్క అన్నానే గానీ వాడు పూర్తిగా మావాడూ కాదు, పూర్తిగా వీధివాడూ కాదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానప్పుడు మా కాకినాడలో ఒకటే వాన, ఆ రాత్రి నా స్కూటర్ కింద దూరి వణుకుతూ దొరికాడు. వాన తగ్గాక పోతాడులే అనుకున్నాం. పోలేదు. పగలంతా వీధి పెత్తనం, రాత్రికి మా వరండాలో గోనెపట్టా మీద నిద్ర, ఎదురింట్లో కోడికూర వండిన ఆదివారాలు మాత్రం వాళ్ళ కుక్క. కార్పొరేషన్ వాళ్ళు ఒకసారి పట్టుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించి, మళ్ళీ మా వీధిలోనే దింపి వెళ్ళారు. ఏడాదికోసారి రేబిస్ టీకా నేనే వేయిస్తాను. ఇంతే మా ఒప్పందం.

పళ్ళొచ్చే వయసులో వాడు మూడు జతల చెప్పులు కొరికేశాడు, కాదనను. అందులో ఒకటి మా బావమరిది పెళ్ళికని కొన్నది, అట్టపెట్టె వాసన కూడా పోలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో చెప్పు కనబడకపోతే ఎఫ్ఐఆర్‌లో మొదటి పేరు వాడిదే.

ఈ గొడవ మార్చి నెలాఖరులో జరిగింది. బ్యాంకులో పనిచేసేవాళ్ళకి ఆ రోజుల గురించి చెప్పక్కర్లేదు, చేయనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికొచ్చి బూట్లు విప్పేసరికి మా ఆవిడ పెరుగు లేదంది. సరే అని చెప్పులేసుకోబోతే కుడిది ఉంది, ఎడమది లేదు. దాని పక్కన ఇంకో చెప్పు ఉంది, అదీ గోధుమరంగే, కానీ కాలు పెడితే సగమే పట్టింది. ఇదెవరిదో అని పక్కకి తన్నేసి, బొగ్గుగాడి వైపు తిరిగాను.

ఆ మొహం చూడాలి మీరు. చెవులు రెండూ వెనక్కి వెళ్ళి తలకి అతుక్కుపోయాయి. తోక కాళ్ళ మధ్యకి పోయింది. తల పక్కకి తిప్పేసి, కంటి చివర తెల్లగుడ్డు ఒక్కటి నావైపు ఉంచాడు. నాలుక బయటికి తీసి ముక్కు ఒకసారి నాక్కున్నాడు. ముందుకాలు ఒకటి నేలకి అంగుళం పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ఇంక నాకు సాక్ష్యం ఏం కావాలి? మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. "చూడు, వాడి మొహంలోనే ఉంది. తప్పు చేశానని వాడికే తెలుసు." అరిచాను. తాడేసి గేటుకి కట్టాను. ఆ పూట అన్నం పెట్టలేదు. వాడు కుయ్‌మనలేదు, అది కూడా ఒప్పుకోలు కిందే లెక్కేశాను.

తెల్లారి ఆరున్నరకి పై వాటాలో ఉండే మామ్మగారు మెట్లు దిగి వచ్చారు. ఆవిడ రోజూ సాయంత్రం మా అమ్మతో కబుర్లకి వస్తారు, చెప్పులు మా వరండాలోనే విప్పుతారు. కంట్లో శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయింది, రెండోది ఇంకా కాలేదు. చేతిలో నా ఎడమ చెప్పు. "రాత్రి గుడికెళ్ళొచ్చేటప్పుడు ఈ కాలు వదులుగా ఆడుతోంది బాబూ, షుగరు కదా, ఒక కాలు చిక్కిపోయిందేమో అని రాత్రంతా ఒకటే టెన్షన్" అన్నారు.

నేను తన్నేసిన ఆ చిన్న చెప్పు తులసికోట వెనకాల బోర్లా పడి ఉంది.

తాడు విప్పగానే బొగ్గుగాడు రెండు గంతులేసి, నా చెయ్యి నాకి, గేటు సందులోంచి దూరి వీధిలోకి పోయాడు. వాడి మనసులో ఏమీ లేదు. నాకే ఆ రోజు కాఫీ దిగలేదు. చెప్పు వాడు తీయలేదు. మరి ఆ మొహం ఎందుకు పెట్టినట్టు?

నాకు ఇలాంటివి పట్టుకుంటే వదలవు. వెతికితే, సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆవిడ చేసిన ప్రయోగం కనబడింది. 14 పెంపుడు కుక్కల్ని తీసుకున్నారు. యజమాని తినుబండారం ఒకటి చూపించి, తినొద్దని చెప్పి గది బయటికి వెళ్ళాలి. తిరిగొచ్చాక కుక్క తిన్నదీ లేనిదీ వాళ్ళకి చెబుతారు, కానీ కొన్నిసార్లు అబద్ధం చెబుతారు. తినని కుక్క కూడా తిట్లు తిన్నదన్నమాట. వీడియోలు చూసి తప్పు మొహాలు లెక్కపెడితే, నిజంగా తిన్నదానికీ ఆ మొహానికీ సంబంధమే లేదు. తిట్టినప్పుడు ఆ మొహం ఎక్కువగా వచ్చింది, అంతే. పైగా ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఇంకా గట్టిగా వచ్చిందట. ఇక్కడ కుర్చీలో కాస్త సర్దుకు కూర్చున్నాను.

అంటే ఆ చెవులూ ఆ తోకా ఆ కంటి తెల్లగుడ్డూ "నేనే చేశాను" అని కాదు, "నీ మొహం బాలేదు, నన్నేం చెయ్యకు" అని. పెద్ద కుక్క గుర్రుమన్నప్పుడు చిన్న కుక్క చేసేది కూడా ఇదే. ఆ రాత్రి గుర్తు తెచ్చుకుంటే, వాడు మొహం పెట్టింది నేను అరిచాక కూడా కాదు. చెప్పు కోసం కనుబొమ్మలు ముడిచి స్టాండు చుట్టూ వెతుకుతున్నప్పుడే మొదలుపెట్టాడు. నాకు కోపం వచ్చిందని నాకన్నా ముందు వాడికి తెలిసింది.

తెలియకేం, వాడి జాతి బతికిందే మన మొహాలు చదువుకుని. పెంపుడు కుక్కల సంగతి వేరు, వీధికుక్కకి ఎదురొచ్చే మనిషి అన్నం పెడతాడో రాయి వేస్తాడో రెండు క్షణాల్లో తేల్చుకోవాలి. మన ఊళ్ళలో ఎవరికైనా తెలిసిన చిట్కా ఒకటుంది కదా, కుక్క వెంటపడితే రాయి అక్కర్లేదు, వంగి ఏరినట్టు నటిస్తే చాలు, పారిపోతుంది. చిన్నప్పుడు నేనూ చేశాను, పనిచేస్తుంది. మా ఇంట్లో ఎవరూ బొగ్గుగాడి మీద గులకరాయి కూడా విసరలేదు. అయినా రోజూ ఉదయం నేను బూట్ల లేసు కట్టుకోవడానికి వంగితే చాలు, వాడు మూడడుగులు వెనక్కి వేస్తాడు. లేచి నిలబడగానే మళ్ళీ తోక ఊపుకుంటూ వస్తాడు. నెలల పిల్లగా మా స్కూటర్ కింద దూరేలోపే ఎవడో వాడికి ఆ పాఠం చెప్పేశాడు.

కోల్‌కతాలో ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థలో అనిందిత భద్ర అనే శాస్త్రవేత్త, ఆవిడ విద్యార్థులూ ఏళ్ళ తరబడి ఇలాంటి వీధికుక్కల్నే గమనిస్తున్నారు. వాళ్ళ పనిలో నాకు బాగా పట్టుకున్నది ఒకటుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు వీధికుక్కల దగ్గరికి పదేపదే వెళ్ళి కొన్నిటికి తిండి ఎక్కువ పెట్టాడు, కొన్నిటిని తల నిమిరాడు. తిండి పెట్టినవాటికన్నా తల నిమిరినవి ఆ మనిషిని ఎక్కువ నమ్మాయి. పగలంతా తిండి కోసం చెత్తకుండీలు వెతికే జంతువు, తిండి పెట్టిన చేతికన్నా తల మీద పెట్టిన చేతిని గుర్తుపెట్టుకుంది. కుక్కకి విశ్వాసం అని మనం ఊరికే అంటుంటాం, అదంతా ముద్ద పెట్టినందుకే అనుకుంటాం.

ఇలా రాశానని నన్ను కుక్కల సంఘం మనిషి అనుకోకండి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని 11న చెప్పి, ఆపరేషనూ టీకా అయినవాటిని ఎక్కడివాటిని అక్కడే వదలమని 22న మార్చినప్పుడు, మా వీధి వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం చూసి నేను మ్యూట్ కొట్టేశాను. పిల్లాణ్ణి కరిచిన ఇంట్లో బాధ ఆ ఇంటివాళ్ళది, దానికి ఎదురు వాదించే మొహం నాకు లేదు. ఆ కుక్క అర్థమైందనుకోవడంలో మనం ఎంత పొరపడతామో మాత్రం చెప్పగలను. మా వీధి చివర్లో ఒక కుర్రాడిని కుక్క కరిస్తే, "తోక ఊపుతుంటేనే దగ్గరికెళ్ళాను అంకుల్" అని ఏడ్చాడు. తోక ఊపితే ప్రేమే అని వాడికి ఎవరో చెప్పారు. ఒళ్ళంతా వదులుగా ఊగుతూ ఆడే తోక వేరు, ఒళ్ళు బిగబట్టి పైకి లేపి కర్రలా చిన్నగా ఆడించే తోక వేరు. రెండోది కనబడితే కళ్ళలోకి చూడకుండా మెల్లగా పక్కకి జరగాలి. ఆ కుర్రాడి కాలు పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పసుపూ కారం పెడదామన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు, ఆయన్ని ఆపడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఇటలీలో అయితే తోక కుడివైపు ఎక్కువ ఊగుతోందా ఎడమవైపా అని కూడా కొలిచారు. యజమానిని చూస్తే కుడికి మొగ్గుతుందట, తెలియని పెద్ద కుక్కని చూస్తే ఎడమకి. నేను వారం రోజులు బొగ్గుగాడి వెనకాల తిరిగాను. వాడి తోక నాకు అన్ని వైపులా ఊగుతున్నట్టే కనబడింది. మా ఆవిడకి నామీద అనుమానం మొదలయ్యాక మానేశాను.

ఆ చెప్పు గొడవ జరిగిన పొద్దున్న ఇంకొకటి గుర్తొచ్చింది. అసలు ఇదంతా రాయడం అందుకే.

అప్పటికి మేం పిఠాపురంలో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళుంటాయి. మా ఇంట్లో గిన్నెలు తోమడానికి ఒక అమ్మాయి వచ్చేది, నాకన్నా రెండేళ్ళు పెద్దదేమో. ఒకరోజు నాన్నగారు అలమారలో పెట్టిన నూట యాభై రూపాయలు కనబడలేదు. ఆ అమ్మాయిని పిలిచారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు నలుగురు, అందరూ నిలబడి ఉన్నారు, ఆ పిల్ల ఒక్కతీ మధ్యలో. తల వంచేసింది. పరికిణీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, పక్కకి చూస్తూ. మాట రాలేదు. "మొహం చూస్తే తెలియట్లా?" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, రాయను. రేపట్నుంచి రావద్దన్నారు. ఆ పిల్ల తల ఎత్తకుండానే వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ తను తోమిన గిన్నెల బుట్ట ఎండలోంచి నీడలోకి జరిపి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నేనూ తల వంచుకునే ఉన్నాను, నేనేం తీయకపోయినా.

ఉగాదికి ఇల్లు దులుపుతుంటే పాత పంచాంగంలోంచి నోట్లు రాలాయి. ఒక వందా, ఒక యాభై. నాన్నగారు వాటిని తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ అమ్మాయి ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. వేరే పనిమనిషి కుదిరిపోయింది అప్పటికే.

మామ్మగారు చెప్పు ఇచ్చి వెళ్ళాక ఆ సంగతి మా అమ్మకి గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు. అమ్మకిప్పుడు డెబ్బై నాలుగు. మడీ తడీ అంటూ బొగ్గుగాణ్ణి గడప ఎక్కనిచ్చేది కాదు. ఆ పొద్దున్న మాత్రం ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి, సత్తుగిన్నెలో పెరుగన్నం మెత్తగా పిసికి తెచ్చి వరండాలో పెట్టింది. పెట్టి అక్కడే పీట మీద కూర్చుంది, వాడు వీధిలోంచి వచ్చేదాకా. ఎండ వరండాలోకి వచ్చినా లేవలేదు.

నేనేదో మారిపోయానని చెప్పను. మొన్న మా అబ్బాయి తొమ్మిదో తరగతి లెక్కల మార్కుల కాగితం పట్టుకుని నిలబడితే, "చదవలేదని నీ మొహమే చెబుతోంది" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వాడు తల పక్కకి తిప్పి కంటి చివరనుంచి నావైపు చూశాడు. ఆ చూపు ఎక్కడ చూశానో తెలిసి మిగతా తిట్లు మింగేశాను, కాగితం తీసుకుని చూస్తే అరవైకి నలభై ఒకటి. వాడు చదివాడో లేదో నాకిప్పటికీ తెలీదు. బ్యాంకులో కూడా అంతే, కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు నేను పేరు పెట్టి పిలిస్తే చాలు, విషయం వినకముందే "సారీ సార్" అంటాడు. ఇన్నాళ్ళూ పనిలో తప్పులు ఎక్కువేమో, అందుకే భయం అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేను పిలిచే గొంతు ఎలా ఉంటుందా అని అప్పుడప్పుడు అనుమానం వస్తోంది.

సరే, నిన్నటి సంగతి చెప్పి ఆపేస్తాను. సాయంత్రం కూరగాయలకి బయల్దేరుతూ చూస్తే మళ్ళీ ఎడమ చెప్పు లేదు. వంగి స్టాండు కింద చూస్తున్నాను, బొగ్గుగాడు అప్పటికే మూడడుగులు వెనక్కి వెళ్ళి, చెవులు అతికించేసి, కాలు లేపి నిలబడ్డాడు. నువ్వు కాదులేరా అని వాడి తల మీద చెయ్యేసి, మెట్లెక్కి పైకి వెళ్ళాను. మామ్మగారు బాల్కనీలో కుర్చీ వేసుకుని వత్తులు చేసుకుంటున్నారు. కాళ్ళ దగ్గర ఒక చిన్న చెప్పు, ఒక పెద్ద చెప్పు.

"మామ్మగారూ, నా చెప్పు..." అన్నాను.

ఆవిడ వంగి కాసేపు పరీక్షగా చూశారు. తర్వాత నావైపు చూసి, "మీ కుక్క ఇక్కడ తెచ్చి పడేసినట్టుంది నాయనా, కాస్త కట్టేసుకోరాదూ" అన్నారు.